ఎడమవైపు నుంచి

మూడో మ్యాచ్‌లో నోయుస్ ఒక్కడే నలభై ఒక్క పాయింట్లు వేశాడు. అందులో ముప్పై దాకా వైదోతస్ చాచిన చేతుల మీదుగా వేసినవే. మర్నాడు మధ్యాహ్నం చీజ్ ఫ్యాక్టరీలో పని దిగి, చేతులకి ఉప్పునీటి వాసన పోకముందే, వైదోతస్ స్పోర్ట్స్ హాలు వెనక కోచ్ గదిలో కూర్చుని ఆ నలభై ఒక్క పాయింట్లనీ మళ్ళీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టాడు.

గది అని పేరేగానీ అది బంతులు దాచుకునే కొట్టు. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూల గాలి దిగిన బంతుల బస్తా. లాప్‌టాప్‌లో స్పీకరు ఎప్పుడో పాడైంది. తెర మీద మనుషులు పరిగెత్తుతున్నారు, పడుతున్నారు, నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, చడీ చప్పుడూ లేదు. కోచ్ జెనోనస్ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటూ, తొక్కలు కాఫీ కప్పులో ఊస్తున్నాడు.

"ఇంకోసారి వెయ్యనా?" అన్నాడు.

"వెయ్యండి కోచ్."

"నాలుగోసారి. వాణ్ణి పెళ్ళి చేసుకునేటట్టున్నావు."

వైదోతస్ నవ్వలేదు. అతనికి ముప్పై అయిదేళ్ళు. లిథువేనియా రెండో శ్రేణి బాస్కెట్‌బాల్ లీగ్‌లో, గిర్వేలై అనే ఆ చిన్న ఊరి జట్టుకి పదకొండేళ్ళుగా ఆడుతున్నాడు. ఆ పదకొండేళ్ళలో అతను బంతి వేస్తే లేచి చప్పట్లు కొట్టినవాడు లేడు. ఎదుటి జట్టులో అందరికంటే మంచి ఆటగాడెవడో వాడి ఎదురుగా నిలబడి, వాడి ఆట చెడగొట్టడం ఒక్కటే అతని ఆట. ఎదుటివాడి కళ్ళు అబద్ధం చెబుతాయి, భుజాలు అబద్ధం చెబుతాయి, నడుము మాత్రం చెప్పదు. అందుకని నడుమునే చూస్తాడు. వాడు కుడిచేతివాటం అయితే వాడి కుడి తొడకి అడ్డంగా తన ఎడమకాలు వేస్తాడు. ఒక చెయ్యి బంతి దగ్గర, ఒక చెయ్యి పాస్ వెళ్ళే దారిలో. అంతే. నోయుస్ దగ్గర ఇవేవీ పనిచెయ్యడం లేదు. మెల్నవా జట్టు తరఫున ఆడే ఆ ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు కుడికి తోస్తే కుడికీ, ఎడమకి తోస్తే ఎడమకీ వెళ్ళి, గాలిలో ఆగినట్టు ఆగి బంతి వేస్తున్నాడు. అయిదు మ్యాచ్‌ల సెమీఫైనల్లో మూడు అయిపోయాయి. మెల్నవా రెండు, గిర్వేలై ఒకటి. గురువారం ఓడిపోతే వైదోతస్ ఆట ముగిసినట్టే, ఈ సీజన్ ఒక్కటే కాదు.

అయిదోసారి వేసినప్పుడు అతను బంతిని చూడటం మానేశాడు. బంతి లేనప్పుడు నోయుస్ ఏం చేస్తున్నాడో చూశాడు.

"ఆపండి. వెనక్కి. ఇంకొంచెం వెనక్కి."

టైమ్ అవుట్. మెల్నవా ఆటగాళ్ళందరూ బెంచీ మీద కూర్చున్నారు. నోయుస్ ఎడమ చివర కూర్చున్నాడు. వైదోతస్ మిగతా టైమ్ అవుట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేయించాడు. ప్రతిసారీ అదే చివర. ఒకసారి ఆ చోట ఇంకెవరో కూర్చుంటే నోయుస్ నిలబడే ఉన్నాడు, మనుషులందరూ తనకి కుడివైపున ఉండేటట్టు. తర్వాత ఫ్రీ త్రో గీత దగ్గర రిఫరీ ఎడమనుంచి బంతి అందిస్తూ ఏదో అన్నాడు. నోయుస్ తల మొత్తం తిప్పి రిఫరీ పెదవులు చూశాడు. మూడో క్వార్టర్‌లో ఎడమనుంచి తన జట్టు మనిషే చెయ్యెత్తి నోరంతా తెరిచి అరిస్తే, నోయుస్ కుడివైపు చూశాడు.

చప్పుడు లేని ఆ బొమ్మలోనే ఆ సంగతి బయటపడింది. వైదోతస్ తండ్రి రంపపు మిల్లులో ఒక చెవి పోగొట్టుకున్నాక భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ ఇలాగే ఒక చివరే కూర్చునేవాడు.

"వాడికి ఎడమచెవి వినపడదు," అన్నాడు.

కోచ్ నోట్లో గింజ కొరకడం ఆపాడు. "చెవా?"

"చూడండి."

చూశారు. మళ్ళీ చూశారు. జెనోనస్ చేతిలో గింజలు బల్లమీద పెట్టేశాడు. అరవై దాటిన మనిషి, జీవితమంతా ఆటగాళ్ళ మోకాళ్ళ గురించీ, చీలమండల గురించీ ఆలోచించినవాడు, మొదటిసారి ఒక చెవి గురించి ఆలోచిస్తున్నాడు.

"ఒకడిమీదికి ఇద్దరం వెళ్ళి ఉచ్చు పన్నేటప్పుడు మనం అరుచుకుంటాం," అన్నాడు నెమ్మదిగా. "'వచ్చేశా, వచ్చేశా' అని. అరవకూడదన్నమాట. నువ్వు వాణ్ణి ఎడమ గీత వైపు తోలుకొస్తావు. నీ మీదే వాడి చూపంతా. అప్పుడు మన దైనియస్ వాడి ఎడమ వెనకనుంచి, పిల్లిలా, గప్‌చిప్‌గా. వాళ్ళవాళ్ళు 'వెనక మనిషి' అని అరిచినా వాడికి ఎటునుంచో తెలీదు."

"దైనియస్‌కి ఎప్పుడు రావాలో తెలియాలిగా."

"నువ్వు చెప్పు. వీపు వెనక పిడికిలి బిగించు. బిగిస్తే వస్తాడు. అరచెయ్యి తెరిచి ఉంటే రాడు." కోచ్ తొక్కల కప్పు పక్కకి జరిపాడు. "నిన్న పడుకోబోయేముందు అనుకున్నానురా, ఇక వీడితో అయిపోయింది, వచ్చే ఏడు చీజ్ దగ్గరే వీడి కాపురం అని. ఇప్పుడంటున్నా విను. మనం ఫైనల్‌కి వెళితే వచ్చే సీజన్‌నుంచి నా పక్క కుర్చీ నీది. అసిస్టెంట్ కోచ్. క్లబ్ కమిటీకి చెప్పే పూచీ నాది."

వైదోతస్ పగుళ్ళు తేలిన వేళ్ళవైపు చూసుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఉప్పునీటి తొట్లలో చీజ్ గడ్డలు తిప్పీ తిప్పీ ఆ వేళ్ళు మండని రోజు లేదు. "ఇది తప్పేం కాదుగా?" అన్నాడు.

"ఏ రూలు పుస్తకంలో ఉంది తప్పని? కుంటేవాడి కుంటికాలు వైపే పరిగెడతాం. పొట్టివాడి మీదుగానే బంతి వేస్తాం. చెవి ఏమన్నా దేవుడిచ్చిన సర్టిఫికెట్టా?"

గురువారం గిర్వేలై హాల్లో తొమ్మిది వందలమంది కిక్కిరిసి కూర్చున్నారు. మొదటి అయిదు నిమిషాలూ వైదోతస్ అరచెయ్యి తెరిచే ఉంచాడు. నోయుస్ రెండు బంతులు వేశాడు. మూడోసారి వైదోతస్ ఛాతీ ఆనించి వాణ్ణి ఎడమ గీత మీదికి నెట్టుకుంటూ వచ్చాడు. వాడి నడుము తిరిగింది, వీపు కోర్టువైపు పడింది. వైదోతస్ వెనకచేతి పిడికిలి బిగించాడు.

దైనియస్ వచ్చాడు. వాడు రావడం హాలంతా చూసింది, నోయుస్ ఒక్కడు తప్ప. బంతి చేతిలోంచి ఎగిరిపోయాక కూడా నోయుస్ ఒక క్షణం ఉత్త చేతులతో డ్రిబ్లింగ్ చేస్తున్నట్టు కిందికి చూశాడు. అవతల దైనియస్ ఒంటరిగా పరిగెత్తి బంతి రింగులో వేశాడు. కేకలతో హాలు దద్దరిల్లింది.

ఆ తర్వాత అదే వరస. పిడికిలి, బంతి పోవడం. పిడికిలి, బంతి పోవడం. ఆరోసారికి నోయుస్ బంతి అందుకోగానే తల అటూ ఇటూ విసరడం మొదలుపెట్టాడు. తల తిప్పినప్పుడల్లా వైదోతస్ చెయ్యి బంతికి తగిలేది. మూడో క్వార్టర్ చివర మెల్నవా పొడుగాటి మనిషి "నోయుస్! నోయుస్!" అని ఎడమనుంచి గొంతు చించుకున్నాడు. నోయుస్ గిర్రున కుడివైపు తిరిగాడు. అక్కడెవరూ లేరు. బంతిని ఖాళీ చోటికి, ముందువరసలో కూర్చున్న ఒక ముసలావిడ ఒళ్ళోకి విసిరాడు.

హాలంతా ఒక్కసారి నవ్వింది. తొమ్మిది వందలమంది నవ్వు. నోయుస్ ఆ నవ్వు ఎటునుంచి వస్తోందో వెతుకుతున్నవాడిలా నిలబడ్డాడు. తర్వాత వైదోతస్ ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇంట్లో ఎవరో తన పెట్టె తెరిచి చూశారని తెలిసినవాడి చూపు.

గిర్వేలై పంతొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచింది. నోయుస్ తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకుని పదకొండు పాయింట్లు వేశాడు. రెండు, రెండు. ఆదివారం మెల్నవాలో తేలిపోతుంది.

స్నానాల గదిలో దైనియస్ తడి తువ్వాలు గిరగిరా తిప్పుతూ, "ముసలోడా, నీ మెదడు బంగారంరా!" అని వైదోతస్ నెత్తిమీద ముద్దు పెట్టాడు. దైనియస్‌కి ఇరవై ఆరు. నోటికీ మనసుకీ మధ్య తలుపు లేని మనిషి. బయట ఊరి వార్తల వెబ్‌సైట్ పిల్ల మైకు పట్టుకుని రహస్యం ఏమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

శుక్రవారం పొద్దున్న వైదోతస్ రబ్బరు ఏప్రాన్ కట్టుకుని ఫ్యాక్టరీలో తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి, ప్యాకింగ్‌లో పనిచేసే ఇద్దరు ఎడమచెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టుకుని, "ఏంటీ? వినపళ్ళా!" అని ఒకళ్ళకొకళ్ళు అరుచుకుంటున్నారు. అతన్ని చూసి చప్పట్లు కొట్టారు. ఫోర్క్‌లిఫ్ట్ వాడు హారన్ కొట్టి, "ఇది ఎటునుంచి వచ్చిందో చెప్పు చూద్దాం!" అన్నాడు.

వైదోతస్ తొట్టిలోకి చేతులు దింపాడు. ఉప్పు పగుళ్ళలోకి దిగింది. ఒక్కో గడ్డా పట్టుకుని, బోర్లించి, వదిలి, పక్కది పట్టుకున్నాడు. ఆ వరసలో అరవై నాలుగు ఉంటాయి. వాటి మీంచి చూపు ఎత్తకుండా పనిచేశాడు.

ఆ సెక్షన్ పెద్ద ఓనా, రిటైర్మెంటుకి రెండేళ్ళున్న మనిషి, తొట్టికి అటువైపు నిలబడి ఉప్పు పాళ్ళు చూస్తోంది. గాజుగొట్టం దించి చదివి చీటీ మీద రాసుకుని, "నువ్వేనటగా కనిపెట్టింది?" అంది.

"అవునమ్మా."

"ఆ పిల్లాణ్ణి రాజధానిలో పెద్ద క్లబ్బు వాళ్ళు తీసుకుంటారని పేపర్లో వేశారు మొన్న. ఇప్పుడు తీసుకుంటారా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నీకు తెలియాలని కాదు నాయనా. నాకు తెలుసుకోవాలని ఉండి అడిగాను." గొట్టం తుడిచి జేబులో పెట్టుకుంది. "వాళ్ళమ్మకి కూడా తెలీదట. ఆ వెబ్‌సైట్ వార్త కింద కామెంట్లలో ఎవరో రాశారు. వాడి స్కూల్లో చదివిన వాళ్ళట. ఇన్నేళ్ళు దాచుకున్నాడంటే ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికుండాలి."

ఆమె వెళ్ళిపోయింది. వైదోతస్‌కి ఆ మాట రోజంతా ముల్లులా దిగబడే ఉంది. తను ఆ కుర్రాణ్ణి అయిదుసార్లు చూశాడు. అయిదుసార్లూ ఎక్కడ విరుగుతాడా అనే చూశాడు. మధ్యాహ్నం విరామంలో నల్లరొట్టె మీద వెన్న రాసుకుంటూ ఉంటే ఎదుటి బల్లనుంచి మళ్ళీ "ఏంటీ?" అని వినిపించింది. మళ్ళీ నవ్వు. రొట్టె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం ప్రాక్టీసులో కోచ్ అందరినీ కోర్టు మధ్య కూర్చోబెట్టాడు. రేపు రాజధాని క్లబ్బునుంచి రిమ్‌గౌదస్ వస్తున్నాడని చెప్పాడు. కొత్త ఆటగాళ్ళని ఎంచేది ఆయనే. "నోయుస్ కోసమే వస్తున్నాడు. కాబట్టి వాడు రేపు ప్రాణం పెట్టి ఆడతాడు, భయంతోనూ ఆడతాడు. రెండూ కలిస్తే మనకి పండగే. మొదటి నిమిషంనుంచీ ఉచ్చే. పిడికిలి మరిచిపోవద్దు వైదోతస్."

మిగతావాళ్ళు లేచి బంతులు అందుకున్నాక వైదోతస్ కోచ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఉచ్చు లేకుండా ఇంకో దారి చూడలేమా? నేను ఒక్కణ్ణీ ఆపుతాను వాణ్ణి."

జెనోనస్ అతన్ని ఎగాదిగా చూశాడు. "మూడో మ్యాచ్‌లో ఆపావుగా. నలభై ఒకటి."

"ఇప్పుడు బాగా తెలిసింది వాడి ఆట."

"ఆ దారి తెచ్చింది నువ్వేరా. నేను అడగలేదు. తెచ్చి నా బల్లమీద పెట్టి, ఇప్పుడు వాసనొస్తోందంటావా?" కోచ్ గొంతు తగ్గించాడు. "వాడికి ఇరవై ఒకటి. ఇది కాకపోతే ఇంకొకటి. నీకు ముప్పై అయిదు. నీకేముంది ఇంకొకటి?"

వైదోతస్ బంతి తీసుకుని కోర్టులోకి వెళ్ళాడు. దైనియస్‌తో కలిసి ఉచ్చు నలభైసార్లు వేశారు. నలభైసార్లూ కుదిరింది.

ఆదివారం మూడు గంటలకి మ్యాచ్. ఏప్రిల్ ఎండ మెల్నవా హాలు ఎత్తు కిటికీల్లోంచి దిగి కోర్టు మీద పలకలు పలకలుగా పడింది. గిర్వేలైనుంచి రెండు బస్సుల్లో వచ్చిన జనం ఒక మూల కూర్చున్నారు. ఆటగాళ్ళు ఒంట్లు వెచ్చబరుచుకుంటుండగానే, ఆ మూల ఒకడు లేచి చెవి దగ్గర చెయ్యి పెట్టి "నోయూస్!" అని దీర్ఘం తీశాడు. అతని వెనక మూడు వరసలవాళ్ళు చేతులు చెవుల దగ్గర పెట్టుకున్నారు. ఆడవాళ్ళూ ఉన్నారు. తన పక్కింటి పంతులమ్మ కూడా ఉండటం వైదోతస్ చూశాడు.

నోయుస్ అటు చూడలేదు. బంతి నేలకేసి కొడుతూ, పట్టుకుంటూ, మళ్ళీ కొడుతూ ఉన్నాడు. మెల్నవా బెంచీ వెనక రెండో వరసలో బూడిదరంగు కోటు మనిషి ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. రిమ్‌గౌదస్ అంటే అతనే.

వైదోతస్ అప్పుడే నిశ్చయించుకున్నాడు. ఆలోచించి తేల్చుకున్నట్టు కూడా కాదు. కట్టిన జోళ్ళ తాళ్ళు మళ్ళీ విప్పి కట్టుకుంటూ, ఈ చెయ్యి ఇవాళ మూయను, అనుకున్నాడు. అనుకోగానే రెండు రోజుల బరువేదో దిగి తేలికైనట్టయింది. ఆ కుర్రాడి జీవితం ఇప్పుడు తన అరచేతిలో ఉంది, దాన్ని నలపకుండా వదిలేస్తున్నాడు. తనగురించి తనకి అంత మంచి అభిప్రాయం కలిగి ఎన్నేళ్ళయిందో.

మొదటిసారి నోయుస్‌ని ఎడమ గీతకి తెచ్చినప్పుడు వాడి నడుము సరిగ్గా తిరిగింది, వీపు సరిగ్గా పడింది. దైనియస్ రెండడుగుల దూరంలో కాచుకుని ఉన్నాడు. వైదోతస్ చెయ్యి తెరిచే ఉంది. నోయుస్ ఒక అరక్షణం ఆగాడు, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. తర్వాత తిరిగి బంతి వేశాడు.

"పిడికిలి!" అని బెంచీ దగ్గరనుంచి కోచ్ అరిచాడు.

మొదటి క్వార్టర్ విరామంలో కోచ్ అతని జెర్సీ పట్టుకుని దగ్గరికి లాగాడు. "ఏమైందిరా నీ చేతికి?"

"కోణం కుదరలేదు కోచ్."

"నాకు కుదిరినట్టే కనబడింది."

"కుదిరితే వేస్తాను."

వెయ్యలేదు. దానికి బదులు జీవితంలో ఎప్పుడూ ఆడనంతగా ఆడాడు. నోయుస్ ఊపిరి తన మెడకి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. వాడు పక్కకి దూకితే తనూ దూకాడు. వాడు గాలిలోకి లేస్తే తన వేళ్ళు వాడి కళ్ళముందుకి లేచాయి. రెండో క్వార్టర్‌లో నేలమీద పడి మోచెయ్యి చిట్లింది; దూదిపెట్టి టేపు వేయించుకుని మళ్ళీ వచ్చాడు. నోయుస్‌ని పద్నాలుగు నిమిషాలపాటు ఒక్క బంతి వెయ్యనివ్వలేదు. కోచ్ కూడా కాసేపు అరవడం మానేశాడు. దైనియస్ మాత్రం ప్రతిసారీ వచ్చి అతని వీపు వెనక నిలబడేవాడు, చేతివంక చూసేవాడు, వెనక్కి వెళ్ళేవాడు. ఒకసారి పళ్ళ బిగువున, "బిగించు ముసలోడా, బిగించు," అన్నాడు. ఒకసారి పిలవకుండానే రాబోతే వైదోతస్ వెనకచేత్తో ఆగమన్నాడు.

నోయుస్ ప్రతిసారీ గీత దగ్గర ఆ అరక్షణం ఆగడం మాత్రం మానలేదు. భయమేమో పాపం, అనుకున్నాడు వైదోతస్.

చివరి క్వార్టర్‌లో కాళ్ళు మొరాయించాయి. ముప్పై అయిదేళ్ళ కాళ్ళు. నోయుస్ వరసగా నాలుగు వేశాడు. అయినా, పన్నెండు సెకన్లు మిగిలేసరికి గిర్వేలై ఒక పాయింటు ముందుంది. బంతి నోయుస్ చేతిలో ఉంది. హాలంతా లేచి నిలబడింది. ఎవరి అరుపు ఎవరిదో తెలియడం లేదు, రెండు చెవులూ ఉన్నవాళ్ళకి కూడా.

వైదోతస్ వాణ్ణి ఎడమ గీత మీదికి తెచ్చాడు. అంత చక్కటి కోణం ఆ రోజంతా పడలేదు. దైనియస్ ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. జట్టు మొత్తం అతని వీపు వెనక ఉన్న చెయ్యివంక చూస్తోంది. పిడికిలి బిగిస్తే ఫైనల్, కోచ్ పక్కన కుర్చీ, ఉప్పునీళ్ళనుంచి విడుదల. వేళ్ళు తెరిచే ఉన్నాయి.

నోయుస్ ఆగాడు. తర్వాత లేచాడు. వైదోతస్ కూడా లేచాడు. వాడి గోళ్ళనుంచి బంతి విడిపోవడం తన గోళ్ళకి తెలిసింది. వెంట్రుకవాసి పైనుంచి వెళ్ళింది. వల ఊగింది.

ఒక్క పాయింటు తేడా. అయిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో జెనోనస్ గుమ్మం దగ్గర నిలబడి, అందరికీ వంతులవారీగా చెయ్యి ఇచ్చి, వైదోతస్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "బస్సు అరగంటలో," అని వెళ్ళిపోయాడు. దైనియస్ జోళ్ళు విప్పి ఒకటి గోడకేసి కొట్టాడు.

"నలభై నిమిషాలు," అన్నాడు. "నలభై నిమిషాలు నీ చెయ్యి చూస్తూ నిలబడ్డాను. ఫైనల్ ఆడితే నాకు పై లీగ్‌లో ట్రయల్స్ ఉన్నాయి. నీకు తెలుసు. నువ్వు దేవుడివై పోదామనుకుంటే నీ ఖర్చు మీద అవ్వాలి, మా మీద కాదు."

వైదోతస్ తన జోళ్ళు విప్పుకున్నాడు. దైనియస్ చెప్పింది నిజమే. కానీ ఆ నిజం కింద ఇంకా ఆ తేలికతనం ఉంది, దాన్ని పట్టుకుని స్నానం చేశాడు, బట్టలు వేసుకున్నాడు, సంచీ భుజాన వేసుకుని నడవాలోకి వచ్చాడు.

నడవా మలుపులో నోయుస్ కాచుకుని ఉన్నాడు. జుట్టు తడిగా ఉంది. వైదోతస్‌ని చూసి గోడవైపునుంచి ఇటు తిరిగి వచ్చి, అతను తన కుడిపక్కన ఉండేటట్టు నిలబడ్డాడు. ఇప్పుడు దాచడానికేమీ లేదు కాబట్టి దాచలేదు.

"బాగా ఆడావు," అన్నాడు వైదోతస్. చెయ్యి చాచాడు.

నోయుస్ ఆ చెయ్యి అందుకోలేదు. "ఎందుకు రాలేదు మీరు?"

"ఎక్కడికి?"

"ఎడమనుంచి. ఒక్కసారీ రాలేదు. నేను ప్రతిసారీ ఆగాను. మీకోసమే ఆగాను."

వైదోతస్ చాచిన చెయ్యి దించుకున్నాడు.

"శుక్రవారం ఆరు గంటలు, శనివారం ఆరు గంటలు ప్రాక్టీసు చేశాం," అన్నాడు నోయుస్. మాటల్ని ముక్కలు చేసి చెబుతున్నాడు. "ఇద్దరేసి నామీదికి వచ్చారు. వెనకనుంచి. నేల చూడటం నేర్చుకున్నాను. ఈ హాల్లో మూడు గంటలకి ఎండ అటునుంచి పడుతుంది, మనిషి రాకముందే నీడ వస్తుంది. మీ భుజం కూడా. వెనకచెయ్యి బిగిస్తే మీ కుడిభుజం కొంచెం లేస్తుంది. నాలుగో మ్యాచ్ వీడియోలో యాభైసార్లు చూశాను. మీరు పిడికిలి బిగించిన మరుక్షణం బంతి ఎక్కడికి పంపాలో నాకు తెలుసు. దైనియస్ వదిలేసిన మావాడు రింగుకింద ఒంటరిగా ఉంటాడు. అదంతా సిద్ధంగా పెట్టుకున్నాను."

"నేను..." అన్నాడు వైదోతస్. "వాళ్ళు నవ్వుతుంటే... ఆ పెద్దమనిషి వచ్చాడని విన్నాను. ఆయన ముందు నిన్ను..."

"ఆయన వచ్చిందే దానికోసం!" నోయుస్ గొంతు నడవాలో మోగింది. "శుక్రవారం ఫోన్ చేశారు. నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను. ఆరేళ్ళప్పుడు జ్వరంలో పోయింది, అమ్మకి కూడా చెప్పలేదు. ఆయన తిట్టలేదు. 'పాయింట్లు నువ్వు వేస్తావని నాకు తెలుసు, ఏడాదంతా చూశాను. అందరికీ తెలిసిపోయాక, అందరూ ఎడమనుంచే వస్తే ఏం చేస్తావో చూడాలి, ఆదివారం వస్తాను' అన్నారు. రేపు పొద్దున్నే నిర్ణయం. నేనో, లాత్వియానుంచి ఇంకొకడో."

వైదోతస్ గోడకి ఆనుకున్నాడు. మోచేతి టేపుకింద రక్తం మళ్ళీ చెమర్చింది.

"నీకు మేలు చేద్దామనే," అన్నాడు.

"నన్ను అడిగారా?"

ఆ మాట గట్టిగా అనలేదు నోయుస్. మామూలుగా, నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగాడు. తర్వాత సంచీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

వైదోతస్ బయటికి పరిగెత్తాడు. కార్లు నిలిపేచోట రిమ్‌గౌదస్ బూడిదరంగు కోటు మడిచి వెనకసీటు మీద పెడుతున్నాడు. దగ్గరనుంచి చూస్తే అలసిపోయిన, మర్యాదస్తుడైన మనిషి.

"అయ్యా, ఒక్క నిమిషం. నేను వైదోతస్‌ని. వాణ్ణి కాసింది నేనే."

"తెలుసండి. రెండో క్వార్టర్ అద్భుతంగా కాశారు. నిజంగా."

"ఉచ్చు వెయ్యకుండా ఆపింది నేనే. కోచ్ వెయ్యమన్నాడు. నేనే వెయ్యలేదు. వాడు దానికి సిద్ధంగా ఉన్నాడు. మొత్తం కనిపెట్టేశాడు, నీడ, నా భుజం, అన్నీ. ఇప్పుడే లోపలికి రండి. పదే పది నిమిషాలు. నేనూ మా దైనియస్సూ వాడిమీదికి వస్తాం, మీరే చూడండి."

రిమ్‌గౌదస్ కారు తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నేలవైపు చూశాడు.

"ఖాళీ హాల్లో, స్కోరు లేకుండా, వస్తామని ముందే చెప్పి వస్తే అది పరీక్ష కాదు వైదోతస్ గారూ. మీకు నేను చెప్పాలా? వాడు తట్టుకుని ఉండేవాడేమో. నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ మావాళ్ళు నా అనిపించడం మీద మూడేళ్ళ ఒప్పందం రాయరు. చూసింది రాయమంటారు." నోటుపుస్తకం తెరిచి చూపించాడు. ఒక పేజీలో సగం ఖాళీగా ఉంది. "ఇక్కడ ఏం రాయను? ఎదుటిజట్టు జాలిపడింది అని రాయనా?"

ఆయన కారు ఎక్కాడు. అద్దం దించి, "మోచెయ్యి చూపించుకోండి," అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

అవతల గిర్వేలై జనం రెండు బస్సుల్లోకి ఎక్కుతున్నారు. ఎవరూ చెవుల దగ్గర చేతులు పెట్టుకోవడం లేదు. ఓడిపోయాక ఆ సరదా తీరిపోయింది. ఆటగాళ్ళ బస్సు ఇంజను మొదలైంది. వైదోతస్ మెట్టెక్కాడు. దైనియస్ పక్కసీటు మీద తన సంచీ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ముందుసీట్లో జెనోనస్ వెనక్కి తిరగలేదు.

"తలుపు వెయ్యి," అన్నాడు. "చలొస్తోంది."

వైదోతస్ తలుపు వేశాడు.